మీరు నిద్రలో ఉన్నప్పుడు

సోమవారం సాయంత్రం ఆరింటికి కాకినాడలో కూర్చుని అమెరికా పశ్చిమ తీరంలో ఉండే కొలీగ్‌కి ఒక మెసేజ్ పెట్టాను. "ఆ రిపోర్టులో చిన్న తేడా వస్తోంది, ఒకసారి చూస్తారా?" అంతే రాశాను. ఎండాకాలం కాబట్టి అప్పుడు వాళ్లకు తెల్లవారుజామున ఐదున్నర. ఆవిడ తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరిచేసరికి నాకు రాత్రి తొమ్మిదిన్నర. "ఏ రిపోర్టు?" అని అడిగింది. అప్పటికి నేను భోంచేసి ఫోను పక్కన పడేశాను. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి "మే నెల సేల్స్ రిపోర్టు" అని జవాబిచ్చాను. అక్కడ సోమవారం రాత్రి ఎనిమిదిన్నర. ఆవిడ పని ముగించి వెళ్లిపోయింది. మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకు నా జవాబు చూసి "ఏ కాలమ్?" అంది. బుధవారం పొద్దున కాలమ్ పేరు చెప్పాను. ఆ రాత్రి ఆవిడ పది నిమిషాల్లో సరిచేసి పెట్టింది.

పది నిమిషాల పనికి 51 గంటల పైచిలుకు పట్టింది. మా ఇద్దరిలో బద్ధకస్తులు ఎవరూ లేరు. ఆవిడ మెసేజ్ చూసిన నిమిషంలోనే జవాబిచ్చింది, నేనూ అంతే. రిపోర్టు పేరు, కాలమ్ పేరు: నేను రాయని ఈ రెండూ చెరో రోజునూ మింగేశాయి.

ఒకరికొకరు ఎదురుపడకుండా, ఎవరి వేళకు వాళ్లు చేసుకుపోయే ఈ పద్ధతిని అసింక్రనస్ వర్క్ అంటారు. రిమోట్ కంపెనీల్లో దీన్ని కుదించి 'అసింక్' అనేస్తాం. ఈ మాట వినగానే చాలామందికి ముందు తోచేది "మెసేజ్‌కి వెంటనే జవాబివ్వక్కర్లేదన్నమాట" అని. అదీ నిజమే, కానీ అది మీకు దక్కే జీతం లాంటిది. ఆ జీతానికి చేయాల్సిన పని వేరే ఉంది. మీరు నిద్రలో ఉన్నప్పుడు మీ పనిని అందుకున్న మనిషికి మిమ్మల్ని లేపాల్సిన అవసరం రాకూడదు. ఈ అధ్యాయమంతా దాని గురించే.

సబ్‌స్టేషన్ పుస్తకం

మా నాన్న 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేశారు. కంప్యూటర్ జోలికి ఎప్పుడూ వెళ్లలేదు. అయినా అసింక్ అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆయన బల్లమీది లాగ్‌బుక్కు వల్లే. గంట గంటకూ వోల్టేజీ ఎంతుంది, ఏ ఫీడర్ మీద ఎన్ని ఆంపియర్ల లోడుంది, అన్నీ అందులో రాయాలి. ఫీడర్ ట్రిప్పయితే ఎన్నింటికి పోయిందో, మళ్లీ ఎన్నింటికి ఛార్జ్ చేశారో రాయాలి. వీటన్నిటికన్నా పెద్దది ఎల్‌సీ. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుంటాడు. పని ముగించి దిగి, ఆ ఎల్‌సీ వెనక్కి ఇచ్చేదాకా ఆ ఫీడర్‌కి కరెంటు వదలకూడదు.

ఈలోగా షిఫ్ట్ మారిందనుకోండి. నాన్న సైకిలెక్కి ఇంటికి వచ్చేస్తారు. అన్నం తిని పడుకుంటారు. ఎక్కడో పొలాల మధ్య స్తంభం మీద ఒక మనిషి ఉన్నాడన్న సంగతి కొత్తగా డ్యూటీ ఎక్కినాయనకు ఆ పుస్తకంలోని ఒక్క లైను చెప్పాలి. "నోటితో చెప్పాను కదా" అనే మాట అక్కడ చెల్లదు. వచ్చినాయన ఆ లైను చదివి, కింద సంతకం పెట్టి, అప్పుడు ఛార్జ్ తీసుకునేవాడు. చిన్నప్పుడు క్యారియర్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు చాలాసార్లు చూశాను. ఒక్కోసారి నాన్న గేటుదాకా వచ్చి, మళ్లీ వెనక్కెళ్లి ఆ పేజీ ఇంకోసారి చూసుకుని వచ్చేవారు.

మేము రాసేది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. దానివల్ల ఎవరి ప్రాణాలూ పోవు. కానీ అప్పగింత మాత్రం అచ్చం అదే. రోజూ లాప్‌టాప్ మూసేముందు పది నిమిషాలు నేనూ ఛార్జ్ అప్పగిస్తాను. నిన్న రాసింది ఇది (అసలుది ఇంగ్లీషులో ఉంది, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను):

"పేమెంట్ రిమైండర్ పని సగంలో ఉంది. ఈమెయిల్ భాగం అయింది, ఎస్సెమ్మెస్ భాగం కాలేదు. రెండు టెస్టులు ఫెయిలవుతున్నాయి. మొదటిది నా మార్పువల్లే, రేపు చూస్తాను. రెండోది మొన్నటినుంచీ ఉన్నదే, దానికీ నా పనికీ సంబంధం లేదు. ఎవరైనా ఈలోగా ఇది ముట్టుకుంటే ముందు టెంప్లేట్ల ఫోల్డర్ చూడండి, ఫైళ్ల పేర్లు మార్చాను."

ఇందులో ఏం చేశానన్నది ఒక్క లైనే, మిగతాదంతా ఎక్కడ ఆగిందో, ఎక్కడ కాలు జారుతుందో చెప్పేదే. "రెండోది మొన్నటినుంచీ ఉన్నదే" అన్న మాట రాయకపోతే యూరప్‌లో ఎవరో ఒకరు దాని వెనక పడి గంటన్నర పోగొట్టుకుంటారు. నాకు తెలిసిన చాలామంది రోజువారీ అప్‌డేట్‌ని హాజరు పట్టీలా రాస్తారు. ఆ మీటింగుకి వెళ్లాను, ఈ టికెట్ మూశాను, ఆ మెయిల్ పంపాను అంటూ. అది మేనేజర్‌ని ఒప్పించడానికి రాసే చిట్టా. తర్వాతి షిఫ్ట్ మనిషికి అందులో పనికొచ్చేది ఒక్కటీ ఉండదు.

ఉభయకుశలోపరి

మన ఉత్తరాల పద్ధతి గుర్తుందా? ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాం, ఉభయకుశలోపరి. ఆ తర్వాత వానలు, పంటలు, అక్క కాన్పు, పెద్దనాన్న మోకాళ్ల నొప్పులు. ఇన్‌లాండ్ కవరులో చోటంతా అయిపోయి మడత పెట్టే అంచుకి వచ్చాక, పక్కన అడ్డంగా, సన్నటి అక్షరాల్లో ఒక మాట: "ఒక ఐదువందలు సర్దగలరేమో చూడండి." ఉత్తరం రాసిందే ఆ మాట కోసం.

ఆ మొహమాటంలో అందముంది. అడిగేవాడి సిగ్గూ, ఇచ్చేవాడి గౌరవమూ రెండూ నిలబడతాయి. చాట్‌లోకి వచ్చేసరికి అదే మొహమాటం "హాయ్" అయింది. "హాయ్ అండీ" అని పెట్టి ఎదురు చూస్తాం. అవతలివాళ్లు "చెప్పండి" అంటే అప్పుడు అసలు సంగతి మొదలుపెడతాం. ఒకే గదిలో ఉంటే దీనికి అర నిమిషం పడుతుంది. పన్నెండున్నర గంటల తేడాలో ఆ "చెప్పండి" కోసమే ఒక రాత్రి గడిచిపోతుంది. పైగా పొద్దున్నే బాస్ నుంచి ఒంటరిగా ఒక "హాయ్" కనిపిస్తే గుండె ఎలా దడదడలాడుతుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

కాబట్టి ఉత్తరాన్ని తలకిందులు చేయండి. మార్జిన్‌లో రాసే మాట మొదటికి రావాలి. కుశలప్రశ్నలు చివరికి పోవచ్చు, మానేయమని మాత్రం అనను. నేను ఒకప్పుడు ఇలా రాసేవాణ్ని: "హాయ్, ఇన్‌వాయిస్ నంబర్ల సంగతి ఒకసారి మాట్లాడదామా? మీకు ఎప్పుడు వీలవుతుంది?" అదే విషయం ఇప్పుడైతే ఇలా రాస్తాను:

"గురువారం మీ సాయంత్రం 5 లోగా మీ నిర్ణయం కావాలి. రద్దయిన ఆర్డర్లకు కూడా మన సిస్టమ్ ఇన్‌వాయిస్ నంబరు వాడేస్తోంది. దాంతో నంబర్ల వరసలో ఖాళీలు పడుతున్నాయి. భారత్‌లో జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్‌లకు వరస నంబర్లు ఉండాలి, అందుకని కస్టమర్ల ఆడిటర్లు అడుగుతున్నారు. రెండు దారులున్నాయి. ఒకటి, ఆర్డర్ ఖరారయ్యాకే నంబరు ఇవ్వడం. రెండు, ఇప్పటిలాగే ఇస్తూ, రద్దయిన నంబర్లకు విడిగా జాబితా చూపించడం. నేను మొదటిదే మంచిదంటాను. పని ఎక్కువే, నాలుగు రోజులు పడుతుంది, కానీ మళ్లీ ఈ ప్రశ్న రాదు. గురువారంలోగా మీ నుంచి కబురు లేకపోతే మొదటిది మొదలుపెడతాను. సోమవారం దాకా రిలీజ్ చేయను, ఈలోపు మీరు వద్దంటే వెనక్కి తీసుకోవడం అరగంట పని."

ఇది రాయడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అందులో రాయడానికి పట్టింది ఎనిమిది నిమిషాలే. మిగతా సమయం నాకే సరిగా తెలియని సంగతులు కనుక్కోవడానికి పోయింది. "మాట్లాడదామా" అని పిలిచినప్పుడల్లా ఆ కనుక్కునే పని నేను అవతలివాళ్ల నెత్తిన వేస్తున్నానని నాకు తెలిసిరావడానికి ఏడాది పట్టింది.

"మీ నుంచి కబురు లేకపోతే" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మనవాళ్లకు ఇది రాయాలంటే చేయి రాదు. పై అధికారికి గడువు పెట్టినట్టుంటుంది, తలబిరుసుగా ఉంటుందేమోననిపిస్తుంది. నిజానికి ఆ మాట అవతలి మనిషికి ఊరట. ఒప్పుకుంటే వాళ్లు ఏమీ చేయనక్కర్లేదు. అయితే ఇది వెనక్కి తీసుకోగలిగిన పనులకే చెల్లుతుంది. కస్టమర్ డేటా చెరిపేయడం, ధరలు మార్చడం, ఒకరిని ఉద్యోగంలోంచి తీసేయడం లాంటివాటికి మౌనాన్ని అర్ధాంగీకారంగా తీసుకున్నారో, మునిగిపోతారు.

గడువు ఎవరి గడియారంలోనో రాయడం మర్చిపోకండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. యూరప్‌లో ఆ మార్పు మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. మన గడియారం కదలదు. ఏడాదిలో కొన్ని వారాలు మూడు చోట్లా లెక్క తప్పుతుంది, ఆ వారాల్లోనే ఎవరో ఒకరు ఖాళీ మీటింగులో ఒంటరిగా కూర్చుని ఉంటారు.

ఒకే భవనంలో పనిచేసేవాళ్లకు ఇదంతా చాదస్తంలా కనిపించవచ్చు. కానీ అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లో తన పెద్ద తలకాయల మీటింగుల్లో పవర్‌పాయింట్ స్లైడ్లు మాన్పించి, ఆరు పేజీలు మించని నోటు రాయించడం మొదలుపెట్టాడు. మీటింగు మొదట్లో అందరూ నోరు మెదపకుండా కూర్చుని ఆ నోటు చదవాలి. ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్లకే రాత ఆసరా కావలసి వచ్చింది.

తెలుగు మీడియం లాభం

ఇది పుస్తకాల్లో ఎవరూ రాయగా నేను చూడలేదు, అందుకని కాస్త ఎక్కువసేపే చెబుతాను.

పదో తరగతి దాకా నేను తెలుగు మీడియం. మాదాపూర్‌లో ఉద్యోగం చేసిన ఆరేళ్లూ వీడియో కాల్ అంటే నాకు లోపల ఒణుకే. చెప్పాల్సింది తెలుగులో తోచి, ఇంగ్లీషులోకి కూర్చుకుని, టెన్సు సరిచూసుకునేలోపు చర్చ మూడు మలుపులు తిరిగిపోయేది. పని నాకు తెలుసు, తప్పెక్కడుందో తెలుసు. మాట అందుకున్నవాడిదే రాజ్యం కాబట్టి నిర్ణయం వేరేవాళ్లది అయ్యేది. ఏడాది చివర్లో "బాగా పనిచేస్తావు, కానీ ఇంకాస్త మాట్లాడాలి" అని రాసేవారు. వరసగా నాలుగేళ్లు అదే వాక్యం.

అసింక్ కంపెనీలో చేరాక ఆ పోటీ నియమాలే మారిపోయాయి. ఒక పేరాకి అరగంట తీసుకోవచ్చు. యాస వినిపించదు. గట్టిగా మాట్లాడేవాడి గొంతు కాగితం మీద గట్టిగా ఉండదు. రాసిన దాంట్లో సరుకుంటే "గుడ్ పాయింట్" అంటారు, లేకపోతే లేదు. గ్రామరు తప్పులు పోతాయి, ఎవరూ పట్టించుకోరు. పోలండ్‌వాళ్లకూ బ్రెజిల్‌వాళ్లకూ ఇంగ్లీషు మనకెంత పరాయిదో అంతే పరాయిది. అందరం చిన్న వాక్యాలే రాస్తాం. చిన్న వాక్యాలే అందరికీ అర్థమవుతాయి.

ఇప్పుడు కొంతమంది ఆ భయంతో ఏఐ చేత రాయించి నాలుగు పేరాలు పంపిస్తున్నారు. ఇంగ్లీషు నున్నగా ఉంటుంది, లోపల రిపోర్టు పేరు ఉండదు. పంపినవాళ్లు తాము చదవలేదని రెండో వాక్యానికే తెలిసిపోతుంది. తప్పులతో రాసిన మీ మూడు లైన్లే మాకు కావాలి.

ఇక్కడ మనకున్న ఇంకో అలవాటు అడ్డొస్తుంది. సందేహం వస్తే నలుగురిలో అడగం. ఛానెల్లో అడిగితే "ఇది కూడా తెలియదా" అనుకుంటారని, తెలిసిన తెలుగువాడెవడైనా ఉంటే పక్కకు పిలిచి అడుగుతాం. "అన్నా, ఒక డౌట్." ఆ అన్న చెబుతాడు. బాగానే ఉంది. నెల తర్వాత ఇంకొకరికి అదే సందేహం వస్తుంది, వాళ్లూ ఆ అన్ననే పట్టుకుంటారు. అన్న మధ్యాహ్నమంతా డౌట్లు తీరుస్తూ తన పని రాత్రి చేసుకుంటాడు. మూడేళ్లు ఆ అన్నని నేనే. ఒకరోజు విసిగి, ఎవరడిగినా "ఛానెల్లో అడుగు, అక్కడే జవాబిస్తాను" అనడం మొదలుపెట్టాను. మొదటి నెల ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. తర్వాత వెతికితే దొరికే జవాబులు కుప్పపడ్డాయి. ఇద్దరిలో ఒకతను ఇప్పుడు నాకన్నా ఎక్కువ జవాబులు రాస్తాడు.

ఐదు పైసల కథ

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి.

ఒక కస్టమర్ బిల్లులో పది వస్తువులు, ఒక్కోటి ₹33.50, పన్ను 5 శాతం. ఒక్కో లైనుకి పన్ను లెక్కగడితే ₹1.675 వస్తుంది, దాన్ని ₹1.68 చేస్తాం. పది లైన్లకు ₹16.80. అలా కాకుండా మొత్తం ₹335 మీద ఒకేసారి లెక్కగడితే ₹16.75. తేడా ఐదు పైసలు. మా సాఫ్ట్‌వేర్ అన్నిచోట్లా లైనువారీగానే చేస్తుంది. ఈ కస్టమర్ అకౌంటెంట్ మాత్రం మొత్తం మీదే లెక్క వేస్తాడు, రెండు లెక్కలూ కలవక ప్రతి నెలా మాకు మెయిల్ రాస్తాడు. పుణేలో ఉన్న మా ప్రొడక్ట్ మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడాను. పదకొండు నిమిషాల్లో తేల్చేశాం: ఈ ఒక్క కస్టమర్‌కీ మొత్తం మీద. కోడ్ మార్చాను. పక్కన "రౌండింగ్ మార్పు" అని రెండు మాటలు రాసి వదిలేశాను. ఎంత తొందరగా తెమిల్చామోనని ఇద్దరం మురిసిపోయాం కూడా.

మూడు వారాలకు వార్సాలో ఉండే కొలీగ్ ఆ ఫైలు తెరిచాడు. అన్నిచోట్లా ఒకలా ఉండి ఇక్కడొక్కచోట వేరేగా ఉంది. ఎవరో పొరపాటు చేశారనుకుని, మంచి మనసుతో సరిచేశాడు. నెలాఖరు బిల్లులన్నీ ఆ లెక్కతో వెళ్లిపోయాయి. కస్టమర్ ఊరుకోలేదు. రెండు రోజులు కూర్చుని క్రెడిట్ నోట్లు తీశాం. కోపంగా "ఎందుకు మార్చావు?" అని అతన్ని అడిగాను. "మార్చకూడదని ఎక్కడ రాసుంది?" అన్నాడు. పుణే కాల్ సంగతి చెప్పాను. "ఆ కాల్‌లో నేను లేను కదా" అన్నాడు, మామూలుగానే. మా ఇద్దరి చెవుల్లో తప్ప ఆ నిర్ణయం ఇంకెక్కడా లేదు. సబ్‌స్టేషన్‌లో అయితే నాన్న నా మొహం చూసేవారు కాదు.

కోడ్ ఏం చేస్తోందో కోడ్‌లోనే కనిపిస్తుంది. ఎందుకలా చేస్తోందో ఎవరో రాయాలి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ మీద ఇప్పటిదాకా వేలమంది పనిచేశారు. వాళ్లలో చాలామంది ఒకరి మొహం ఒకరు చూడలేదు. మార్పులు ఈమెయిల్‌లో తిరుగుతాయి, ప్రతి మార్పుతోపాటు అది ఎందుకు కావాల్సి వచ్చిందో వివరణ ఉండాలి. వివరణ సరిగా లేకపోతే, కోడ్ బాగున్నా సరే, తిప్పి పంపిస్తారు. పదేళ్ల తర్వాత ఒక లైను చూసి తల గోక్కునే మనిషి, దాన్ని ఎవరు ఎప్పుడు ఏ కారణంతో రాశారో తవ్వి తీయగలడు.

ఇంకా వెనక్కి వెళ్తే 1969 ఏప్రిల్‌లో యూసీఎల్ఏలో చదువుకుంటున్న స్టీవ్ క్రాకర్ కనిపిస్తాడు. ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్‌లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో కొన్ని చోట్ల విద్యార్థులు చర్చించుకుంటున్న రోజులవి. ఆ మాటలను కాగితం మీద పెట్టే పని ఇతని మీద పడింది. ఒక రాత్రి నిద్ర పట్టక, తాను దిగిన ఇంట్లో స్నేహితులు పడుకుని ఉంటే, వాళ్లకు నిద్రాభంగం కాకుండా బాత్‌రూములో కూర్చుని రాశానని తర్వాత ఆయనే చెప్పాడు. పెత్తనం చేస్తున్నట్టు ఉండకూడదని ఆ పత్రాలకు 'అభిప్రాయాలు కోరుతున్నాం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆర్ఎఫ్‌సీ అంటే అదే. ఆ వరస 9,000 దాటింది, ఇంటర్నెట్ ప్రమాణాలు ఇప్పటికీ ఆ పేరుతోనే వస్తాయి.

మన భాషలోనూ ఇలాంటిది ఒకటుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో సభ్యులు చర్చించుకునే పేజీ పేరు రచ్చబండ. ఊరి రచ్చబండ దగ్గర మాట చెల్లాలంటే ఆ సాయంత్రం ఆ చెట్టుకింద ఉండాలి. ఈ రచ్చబండకి ఎవరు ఏ దేశం నుంచైనా తమ వేళకు వచ్చి మాట చెప్పి వెళ్లొచ్చు, ప్రతి మాట చివరా సంతకం, తేదీ, సమయం పడతాయి. ఎప్పుడో ఏదో నియమం ఎందుకు పెట్టుకున్నారో ఇవాళ చేరినవాళ్లు చదువుకోవచ్చు.

కంపెనీల్లో దీన్ని చివరిదాకా లాగినవాళ్లు గిట్‌ల్యాబ్. ఆఫీసంటూ లేని కంపెనీ అది, 2021 అక్టోబరులో నాస్‌డాక్‌లో లిస్టయింది. వాళ్ల పని పద్ధతులన్నీ ఒక హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి, అచ్చు వేస్తే 2,000 పేజీలు దాటుతుందట. చాలాభాగం ఎవరైనా చదవొచ్చు. సెలవు ఎలా పెట్టాలి అన్నదగ్గర్నుంచి మీటింగు ఎలా నడపాలి అన్నదాకా ఉంటుంది. మీ టీముకి అంత అక్కర్లేదు. ఒక్క పేజీ చాలు. పై నుంచి కిందికి తేదీలవారీగా, ఏం నిర్ణయించాం, ఎందుకు, వేరే దారులు ఏవి వదిలేశాం, ఎవరు ఒప్పుకున్నారు. వదిలేసిన దారులు తప్పకుండా రాయండి. ఆర్నెల్లకు ఎవరో ఒకరు అదే దారిని గొప్ప ఆలోచనలా పట్టుకొస్తారు.

ఫోను తీయాల్సినప్పుడు

అసింక్‌ని మతంలా పాటించేవాళ్లను చూశాను. ఇల్లు తగలబడుతున్నా డాక్యుమెంటు రాద్దామంటారు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు అలసిపోయి ఉన్న వేళ, చెరపాల్సిన సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్ మీద ఫైళ్లు చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి 300 జీబీ దాకా ఉన్నది పోయి 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్‌లు చూస్తే ఒకటీ సరిగా పనిచేయలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన కాపీ ఒకటి దొరికి బతికిపోయారు. ఆ రాత్రి వాళ్లు అసింక్ అని కూర్చోలేదు. కలిసి కాల్‌లో కూర్చుని పనిచేశారు, దాన్ని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. అదే సమయంలో ఏం జరుగుతోందో అందరికీ కనిపించే డాక్యుమెంటులో రాస్తూ పోయారు. తర్వాత రాసిన నివేదికలో తప్పు చేసిన మనిషిని బోనులో నిలబెట్టలేదు. సర్వర్ పడిపోతే మీరూ ముందు ఫోను తీయండి, ఒకరి చేత మాత్రం రాయిస్తూ ఉండండి.

మనసులు చెడుతున్నప్పుడు కూడా ఫోనే. మన మాటలో 'అండి' ఒక్కటి చాలు, చేదు మాటకి తేనె పూస్తుంది. ఇంగ్లీషులో రాసే పొట్టి మెసేజ్‌కి ఆ తేనె ఉండదు. "ఓకే" అని చుక్క పెడితే కోపమొచ్చిందేమోనని అవతలివాళ్లు రాత్రంతా నలిగిపోతారు. ఒకే విషయం మీద అటూ ఇటూ మూడో జవాబు వచ్చి, చదువుతుంటే మీ చెవులు వేడెక్కుతున్నాయంటే, రాయడం ఆపి పిలవండి. మాట్లాడాక ఏం తేలిందో రెండు లైన్లు రాసి పెట్టండి.

కొత్తగా చేరినవాళ్ల సంగతి వేరు. మొదటి నెల వాళ్లతో రోజూ ఒక పావుగంట, పని లేకపోయినా, మాట్లాడండి. ఏం అడగాలో కూడా తెలియని రోజుల్లో డాక్యుమెంట్ల లింకులు పంపడం అంటే ఈత రానివాడికి గోదావరి మ్యాపు ఇవ్వడమే.

పచ్చచుక్క

ఇవన్నీ చేసినా మిమ్మల్ని పచ్చచుక్కతో కొలిచే కంపెనీ అయితే శ్రమంతా వృథా. చాట్‌లో పేరు పక్కన పచ్చగా వెలగకపోతే పనిచేయనట్టే లెక్కగట్టేవాళ్లు ఉన్నారు. రిమోట్ అని చేర్చుకుని, రోజూ సాయంత్రం ఆరు నుంచి పది దాకా కాల్స్‌లో ఉండమంటారు. పగలేమో పని, రాత్రేమో హాజరు. ఇందులో ఇంటివాళ్ల పాత్రా కొంత ఉంది. గ్యాస్ బండ వచ్చిందని, చుట్టాల్ని బస్టాండులో దింపమని, "ఇంట్లోనేగా ఉన్నావు" అంటారు. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా తలుపు మూసి ఉంటుందని మా ఇంట్లో చెప్పి ఒప్పించడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఆ నాలుగు గంటల్లో నోటిఫికేషన్లు ఆపేస్తాను. మెసేజ్‌లు పదకొండింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎల్‌సీ తీసుకున్నట్టే.

కాబట్టి ఉద్యోగంలో చేరకముందే కనుక్కోండి. "మీరు అసింక్ పాటిస్తారా?" అని అడక్కండి, అందరూ ఔననే అంటారు. ఇంటర్వ్యూ చివర "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అన్నప్పుడు, "గత నెలలో మీ టీము తీసుకున్న ఒక నిర్ణయం ఎక్కడ రాసి ఉందో చెప్పగలరా?" అని అడగండి. రహస్యాలు చూపించక్కర్లేదు, ఎక్కడుందో చెబితే చాలు. వెంటనే చెప్పగలిగితే సంతోషం. నీళ్లు నమిలితే మీకు రాబోయే రాత్రుళ్లు ఎలా ఉంటాయో అప్పుడే తెలిసిపోతుంది.

క్రెడిట్ నోట్ల గొడవ తీరాక ఆ రౌండింగ్ ఫైలు పైన నేను పన్నెండు లైన్లు రాసిపెట్టాను. ఏ కస్టమర్, ఎందుకు, ఐదు పైసల లెక్క, ఎవరితో మాట్లాడాం, ఎప్పుడు మార్చవచ్చు, అన్నీ. వార్సా కొలీగ్ దాన్ని చదివి రెండు చోట్ల సరిదిద్దాడు. తర్వాత నేను దాని సంగతి మర్చిపోయాను.

పోయిన నెల ఒక పొద్దున ఫిల్టర్‌లో డికాక్షన్ దిగేలోపు లాప్‌టాప్ తెరిస్తే, బ్యూనస్ ఐరెస్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఆ ఫైలులో ఒక లైను చేర్చినట్టు కనిపించింది. సమయం మనకు రాత్రి 2:40. నా పన్నెండు లైన్ల కింద పదమూడోది రాసింది: "సరిచేద్దామని వచ్చాను. చదివాను. ముట్టుకోవడం లేదు." పక్కన తేదీ, తన పేరు.